ఫోటో లేని స్థాపకురాలు

మీ చర్చి గుడి కట్టింది ఎవరు, మిషనరీ దొరగారొక్కరేనా? ఈ ఉదయం సికింద్రాబాద్‌లో మా లూథరన్ సంఘ వార్షికోత్సవంలో ఆయన ఫోటోకు ఎన్ని దండలు వేశామంటే, చివరికి గడ్డం కూడా కనబడలేదు. అప్పుడు సీతాఫల్‌మండి శాంతమ్మ కొంగు ముడి విప్పి పిడికెడు బియ్యం తీసింది.

"ఇదేందమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"మా నానమ్మ యాదికి, అయ్యగారూ. రోజూ వండే ముందు గుడికని పిడికెడు తీసిపెట్టేది. అసొంటి బియ్యం అమ్మిన పైసలతోనే ఈ గోడలు లేచినయి. ఆమెకు ఫోటో లేదు. జెర దొర పక్కన పెట్టనియ్యిండ్రి."

పాస్టరుగారు ఫోటో మీదినుంచి ఒక దండ తీసి, శాంతమ్మ దాని పక్కన పోసిన బియ్యం చుట్టూ పెట్టారు. "పేరు చెప్పమ్మా."

"మరియమ్మ."

వెనక వరుసలోంచి ఇంకెవరో, "మా అమ్మమ్మ సుత గట్లనే తీసిపెట్టేది" అన్నారు. ఆ తర్వాత పేర్లు ఆగలేదు.

కానుకపెట్టెలో పేద విధవరాలు వేసిన రెండు కాసులను చూసిన యేసు ప్రభువు ఈ పిడికిళ్ళను చూడలేదంటారా? ఆ పేర్లు తెలిసినవాళ్ళు కొద్దిమందే మిగిలారు. ఈ రాత్రే మీ ఇంటి పెద్దలను అడగండి, ఆ పేర్లు ఇక్కడ కామెంట్లలో రాయండి.