కింద ఒకటి, పైన ఒకటి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఏలూరులో నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. నాకు తెలిసిన విద్య అదొక్కటే. అందుకని కొట్లకు తిరిగి కంప్యూటర్లు పెట్టించడం, బిల్లులు వేసే ప్రోగ్రాములు రాసివ్వడం మొదలుపెట్టాను. కార్డు మీద 'కన్సల్టెంట్' అని అచ్చు వేయించుకున్నాను గానీ ఆ మాటతో నన్నెవరూ పిలవలేదు. తాడేపల్లిగూడెంలోనూ, కొల్లేటి పక్క మండవల్లిలోనూ నేను 'కంప్యూటరు మేడం గారి'నే. సంచీలో స్క్రూడ్రైవర్లు, సీడీలు, మంచినీళ్ళ సీసా పెట్టుకుని పొద్దున్న పాసింజరు ఎక్కితే దెందులూరు, భీమడోలు మీదుగా గూడెం చేరేదాన్ని.

గూడెంలో నీటి పంపులకూ డీజిలు ఇంజన్లకూ విడిభాగాలు అమ్మే కొట్టొకటి ఉండేది. దాని యజమాని ఒకరోజు కబురు పెట్టారు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పుల వల్ల కుర్చీలోంచి లేవడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. కౌంటరు కింద, సరుకంతా మేడ మీద. మధ్యలో శ్లాబుకి చదరంగా ఒక కంత కోయించి, కప్పీ బిగించి, తాడుకి ప్లాస్టిక్ బకెట్టు కట్టారు. గిరాకీ వస్తే ఆయన చీటీ రాసి బకెట్లో పడేసి గంట నొక్కుతారు. బకెట్టు పైకి వెళ్ళి సరుకుతో దిగుతుంది. సరుకు లేకపోతే అదే చీటీ మీద 'లేదు' అని రాసి వస్తుంది.

"ఎన్ని కంప్యూటర్లు అనుకుంటున్నారండి?" అని అడిగాను.

"రెండండి. కింద ఒకటి, పైన ఒకటి."

కొట్టు చూస్తే ఒకటి చాలనిపించింది. అనవసరంగా రెండు కొనిపించిందన్న మాట నాకెందుకని, "ముందు ఒకటి పెట్టుకుని చూడండి, రెండోది తర్వాత ఆలోచిద్దాం" అన్నాను.

"కాదండి, రెండూ ఉండాలి. మధ్యలో వైరుండాలి. నేనిక్కడ ఏం కావాలో కొడితే పైన కనపడాలండి. పైన ఉందో లేదో కొడితే ఇక్కడ కనపడాలి. అవుతుందాండి, అవదా?"

"అవుతుందండి. పైన ఎవరు చూసుకుంటారు?"

"పైనున్నావిడ చూసుకుంటారు" అన్నారాయన, మొహం తిప్పుకుని.

పైనున్నావిడ జీతానికి పనిచేసే మనిషి అనుకున్నాను. మేడ ఎక్కితే వరసగా ఇనుప అరలు, ప్రతి అరకీ అట్టముక్క మీద చక్కటి దస్తూరీతో పేరు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ గాస్కెట్లు సైజుల వారీగా విడదీస్తోంది. కంప్యూటర్ అలవాటుందా అని అడిగాను. "లేదమ్మా. పెళ్ళికి ముందు టైపు లోయరు పాసయ్యాను. వేళ్ళకి గుర్తుందో లేదో మరి" అంది. మాటల్లోనే మధ్యాహ్నమైంది. ఆవిడ క్యారేజీ విప్పి అన్నం, పప్పు, వంకాయ కూర రెండు వాటాలు చేసింది. ఒక వాటా గిన్నెలో సర్ది, మూత పెట్టి, గిన్నెని బకెట్లో ఉంచి కిందికి వదిలింది.

నేను కంతలోంచి కిందికి తొంగి చూశాను. ఆవిడ నవ్వకుండానే, "ఆయన మా ఆయనేనమ్మా" అంది.

వాళ్ళిద్దరికీ మాటల్లేక అప్పటికి ఏడాది దాటింది. ఇంట్లో మాత్రం ఎలా అని అడిగితే, "మా అత్తగారున్నారుగా, ఆవిడతో చెప్పించుకుంటాం. ఆవిడకి చెవుడు. అందుకని వీధి చివరిదాకా వినపడేలా చెప్పుకుంటాం" అంది. ఆదివారం చర్చికి ఒకే రిక్షాలో వెళతారట. అక్కడ ఎలాగూ మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు కూర్చుంటారు కాబట్టి ఆ రోజు ఇబ్బంది లేదట.

కంప్యూటర్లు తెచ్చి పెట్టాక అసలు చిక్కు వచ్చింది. ప్రోగ్రాములో ప్రతి వస్తువుకీ ఒక పేరుండాలి. ఆయన 'ఆయిల్ సీల్' అని చెప్పి రాయించినదాన్ని ఆవిడ 'రబ్బరు రింగు' అంటుంది. ఆయన కంపెనీ పేరుతో చెప్పేదాన్ని ఆవిడ సైజుతో చెబుతుంది. చీటీల మీద ఇన్నాళ్ళూ ఒకరి మాట ఒకరు అర్థం చేసుకుంటూ వచ్చారు గానీ కంప్యూటరుకి ఆ ఓపిక ఉండదు. "ఆయిల్ సీలనే ఉంచమనండి" అని ఆయన, "పాతికేళ్ళుగా రింగనే రాస్తున్నానని చెప్పండి" అని ఆవిడ. వారం రోజులు ఆ మెట్లు ఎక్కీ దిగీ నాకూ మోకాళ్ళు పట్టేశాయి. చివరికి ప్రతి వస్తువుకీ రెండో పేరు పెట్టుకునే వీలు కల్పించాను. ఆయన తన పేరు కొడితే పైన ఆవిడ పేరు కనపడుతుంది. ఆ తర్వాత నేను రాసిన ప్రోగ్రాములన్నిట్లో రెండో పేరుకి చోటు ఉంచాను. చాలా కొట్లలో అది అవసరపడింది.

పేర్ల పని అవుతుండగా, మాటలెందుకు ఆగిపోయాయో ఆవిడ తనంతట తానే చెప్పింది. ఏలూరులో వాళ్ళ తమ్ముడు ఇల్లు కట్టుకుంటే ప్రార్థన పెట్టారట. భోజనాల దగ్గర ఎవరో, "కొట్టు బాగా నడుస్తోందండీ, ఇద్దరి కష్టమూ ఉంది" అన్నారట. దానికి ఈయన, "ఆవిడదేముందండి, పైన కూర్చుని బోల్టులు లెక్కెడుతుంది" అన్నారట. అందరూ నవ్వారు.

"మా తమ్ముడి భార్య కూడా నవ్వింది. నేనే వడ్డిస్తున్నాను అక్కడ. చేతిలో సాంబారు గిన్నె ఉంది" అంది ఆవిడ. అట్టముక్క మీద ఇంకో పేరు రాస్తూ, "ఆయనకది గుర్తుందో లేదో కూడా తెలీదమ్మా నాకు" అంది.

వచ్చిన పని వైరు బిగించడం, అది బిగించాను.

ఆ రోజుల్లో ఒక కంప్యూటరు నించి ఇంకో కంప్యూటరుకి చిన్న కబురు పంపే సదుపాయం సిస్టంలోనే ఉండేది. అక్షరాలు కొట్టి పంపితే అవతలి తెర మధ్యలో బూడిదరంగు పెట్టె ఒకటి తెరుచుకుని అవి కనపడతాయి. 'ఓకే' నొక్కగానే పోతాయి, ఎక్కడా మిగలవు. బిల్లులో లేని వస్తువు అడగాల్సి వస్తే పనికొస్తుందని దానికి మీటొకటి పెట్టి, ఇద్దరికీ విడివిడిగా చూపించాను. తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోవాలి. ఆయన ఒక వేలితో, ఆవిడ పది వేళ్ళతో.

రెండు నెలల తర్వాత ప్రింటరు బాగుచేయడానికి వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఆయన గుమ్మం దగ్గర ఎవరో రైతుతో మాట్లాడుతున్నారు. తెర మీద పెట్టె తెరుచుకుంది. 'బీపీ మాత్ర వేసుకున్నారా.' నేను ఓకే నొక్కితే అది మాయమైపోతుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఏవండీ, మీకేదో వచ్చిందండి" అని పిలిచాను. ఆయన వచ్చి చదివి, నా వైపు చూడకుండా వంగి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'వేసుకున్నా' అని కొట్టారు. నేను ప్రింటరు వెనకాల చేరి, సరిగానే ఉన్న వైరుని చాలాసేపు సరిచేశాను.

తర్వాత వెళ్ళినప్పుడల్లా ఆ పెట్టెలు ఎక్కువవుతూ వచ్చాయి. 'టీ పంపనా.' 'చినుకులు పడుతున్నాయి, బట్టలు.' 'అమ్మకి కళ్ళ డాక్టరు రేపు.' నోటితో మాత్రం ఒక్క ముక్క లేదు.

ఒక వానాకాలం కింది కంప్యూటరుకి వైరస్ పట్టింది. సిస్టం మొత్తం తీసి కొత్తది వేశాను. బిల్లులు సరిగా వస్తున్నాయో లేదో చూసుకుని సాయంత్రం బండికి వచ్చేశాను. నాలుగు రోజులకి ఆయన ఫోను.

"మేడం గారూ, కబుర్లు పోవట్లేదండి. మీరొకసారి రావాలండి."

"బిల్లింగు వస్తోందాండి?"

"బిల్లింగు వస్తుందండి. బిల్లింగు సంగతి కాదండి."

కొత్త సిస్టంలో ఆ సదుపాయం ముందే ఆపేసి ఉంటుంది, మనం తెరుచుకోవాలి. ఫోనులో చెప్పి చేయిద్దామంటే ఆయన వల్ల కాలేదు. వానలకి రెండు రోజులు నేను కదల్లేకపోయాను. సోమవారం వెళ్ళేసరికి ఆయన కౌంటరు దగ్గర గడ్డం కూడా గీసుకోకుండా కూర్చున్నారు. నన్ను చూడగానే గొంతు తగ్గించి అడిగారు.

"శనివారం ఒకటి పంపానండి. కొంచెం పెద్దది. అది పైకి చేరిందో లేదో చూసి చెప్పగలరాండి?"

చూశాను. చేరే అవకాశమే లేదు.

"చేరలేదండి."

"చేరలేదా?" ఆయన తెర వైపు వేలు చూపించారు. "మీరు ఫోనులో చెప్పినవి నొక్కాక పంపితే ఏదో ఇంగ్లీషులో వచ్చిందండి, బాగుపడి వెళ్ళిందనుకున్నాను. చదివి ఊరుకున్నారనుకున్నానండి. రెండ్రోజుల్నించీ అదే అనుకుంటున్నాను."

అందులో ఏముందని నేను అడగలేదు. "అది మళ్ళీ తీసి పంపొచ్చాండి?" అన్నారు.

"దాచుకోదండి. మళ్ళీ కొట్టాల్సిందే."

మీరే మెట్లెక్కి చెప్పొచ్చు కదా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన నన్ను పిలిచింది సలహాకి కాదు. ఆపేసి ఉన్నదాన్ని తెరిచి, 'టెస్టు' అని పైకి పంపాను. "వచ్చిందమ్మా!" అని పైనించి ఆవిడ నాకు కేకేసింది. లేచి ఆయనకి కుర్చీ ఇచ్చాను.

ఆయన రెండు మాటలు కొట్టారు. చెరిపేశారు. మళ్ళీ కొట్టి, మళ్ళీ చెరిపారు. కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టి లేచారు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఎక్కారు. ఆ కొట్లో ఆయన మెట్లెక్కడం నేను చూడటం అదే మొదటిసారి.

పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు సన్నగా వినపడింది, మాటలు తెలియలేదు. ఇంతలో తడిసిన గొడుగుతో ఒక రైతు వచ్చి పంపు బేరింగులు రెండు కావాలన్నాడు. కొట్టాయన లేరని చెబితే పోతాడేమో, కూర్చోబెడదామంటే ఎంతసేపో తెలియదు. నేనే కుర్చీలో కూర్చుని బిల్లు వేసి, వస్తువు పేరు పైకి పంపాను. బకెట్టు కదల్లేదు. కాసేపటికి తెర మీద పెట్టె తెరుచుకుంది. 'ఆగమనండి.'

"కాసేపు ఆగాలటండి" అన్నాను. రైతు బల్ల మీద కూర్చుని నేను తెచ్చుకున్న పేపరు చదువుకున్నాడు.

చాలాసేపటికి బేరింగులు దిగాయి. వాటి వెనకాలే ఆయనా మెట్లు దిగి వచ్చి, కుండలో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కున్నారు. రైతుతో, "లేటయిందండి, ఏమనుకోకండి" అన్నారు.

పై వారం మళ్ళీ ఫోను. ఈసారి ఆవిడ. పై కంప్యూటరు కిందికి దింపాలట. "ఇకనించి కింద కూర్చుంటానమ్మా. మధ్యాహ్నం దాకా నేను, తర్వాత ఆయన. పైనించి సరుకందించడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాం" అంది. కౌంటరు మీద రెండు కంప్యూటర్లు పక్కపక్కనే పెట్టాను. శ్లాబు కంతలోంచి లాగిన అంత పొడుగు వైరూ చుట్టచుట్టి సంచీలో వేసుకొచ్చి, ఇంకో చోట వాడుకున్నాను.

అంతా చక్కబడిపోయిందని చెప్పను. ఆవిడ కౌంటరులో కూర్చున్న కొత్తల్లో రైతులు, "అయ్యగారు లేరాండి?" అని అడిగేవారు. ఆయన మధ్యాహ్నం వచ్చి పొద్దుటి బిల్లులు తిరగేస్తే ఆవిడ ఊరుకునేది కాదు, గిరాకీ ముందే మాటా మాటా అనుకునేవారు. ఒకసారి, "మీరు కాస్త బయట కూర్చోండమ్మా" అని నన్ను వీధిలోకి పంపి మరీ పోట్లాడుకున్నారు.

ఆ మరుసటి ఎండాకాలం నాకు మండవల్లిలో ఒక ఐసు ఫ్యాక్టరీలో పని పడింది. ఆ మాట విని ఆవిడ, "నేనూ వస్తానమ్మా. అక్కడ మన ఖాతాదారుకి చేపల చెరువులున్నాయి. ఇన్నేళ్ళు సామాను ఇచ్చాను గానీ ఇంజను ఆడుతుంటే దగ్గర్నించి ఎప్పుడూ చూళ్ళేదు" అంది. ఆయన్నే తీసుకెళ్ళమనొచ్చు కదా అన్నాను. "ఆయనొస్తే అంతా ఆయనే చెబుతారమ్మా" అంది.

బస్సులో వెళ్ళాం. నా పని అయ్యాక చెరువు గట్టు మీద నడిచాం. రెండు వైపులా నీళ్ళే. ఎండ మొహాన కొడుతోంది. గట్టు చివర రేకుల షెడ్డులో డీజిలు ఇంజను చెవులు చిల్లులుపడేలా ఆడుతోంది. ఆవిడ కొంగు నడుముకి దోపి, చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసింది. చెరువు రైతు కంగారుపడి, "జాగర్తండి, కాలుద్దండి" అన్నాడు.

"ఇది ఎన్నాళ్ళకోసారి మారుస్తారండి?" అని అరిచి అడిగింది, ఒక చోట వేలు చూపించి.

అతను ఇంజను ఆపేసి, తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. ఏది తొందరగా అరుగుతుంది, ఏ కంపెనీది నిలబడుతుంది, కొల్లేటి నీళ్ళకి ఏది తుప్పు పడుతుంది. ఆవిడ అడుగుతూనే ఉంది. నేను షెడ్డు నీడలో గోనెపట్టా మీద కూర్చున్నాను. తిరుగు బస్సు వేళవుతోందని రెండుసార్లు చెప్పినా ఆవిడ కదల్లేదు. వచ్చేటప్పుడు ఆ రైతు రెండు శీలావతి చేపలు సంచీలో వేసిచ్చాడు. కైకలూరులో బస్సు మారి, గూడెం దాకా ఆ సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఏ సరుకు ఇక తెప్పించకూడదో, ఏది ఎక్కువ తెప్పించాలో నాకు చెబుతూనే వచ్చింది. నేను ఏలూరు బస్సు మారాలి. దిగి చూసేసరికి నా చీర అంచంతా చేపల నీళ్ళు.