మానుకోట మిల్లులో దండ వేసిన ఫోటో

మొన్న మా మనవరాలు తనకు కరెంటు పని లైసెన్సు వచ్చిందని ఫోను తెరిచి చూపించింది. అందులో దాని ఫోటో, పేరు, నంబరు, ఎప్పటిదాకా చెల్లుతుందో అన్నీ ఉన్నాయి. ఇది నీ ఒక్కదానికే కనబడుతుందా అని అడిగితే, లోకంలో ఎవరైనా చూడవచ్చట. ఎవరు ఏ పనికి అర్హులో, ఏ కొత్త యంత్రం మీద ఎవరికి హక్కు ఉందో కూడా ఇట్లాగే వెతుక్కోవచ్చట. నాకు సంతోషం కన్నా ముందు అనుమానమే పుట్టింది. అందరికీ చూపించే కాగితం వెనక ఎవరికీ చూపించనిది ఒకటి ఉంటుందని నా బుద్ధికి తోస్తుంది. దానికి కారణం ఉంది, నా ఈడు వాళ్లకయితే చెబితే అర్థమవుతుంది.

మా ఆయన జనగామలో వడ్లు ఉడకబెట్టే మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఊక వేసి మంట పెట్టడం ఎవరైనా చేస్తారు గానీ, ఆవిరి ఎంత ఎక్కిందో, నీళ్లు ఎంత దిగాయో కనిపెట్టి ఉండేవాడికి సర్కారు పరీక్ష ఉంటుంది. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం గొడవలయి, రైళ్లు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో తెలియని రోజుల్లో, ఆయన హైదరాబాదు పోయి ఆ పరీక్ష రాసి వచ్చాడు. ఇక్కడివాళ్లమేనని దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టించి మన నౌకరీలు ఎవరో తన్నుకుపోతున్నారని అప్పట్లో ప్రతి అరుగు మీదా అదే మాట. ఏ కాగితం చూసినా ఇది అసలుదేనా అని తిప్పి చూడడం అందరికీ అలవాటయింది. ఆయన సర్టిఫికెట్ వచ్చిన రోజు మా మామ కూడా దాన్ని ఎండకు పట్టి ముద్ర చూశాడు, సొంత కొడుకుదని కూడా చూడకుండా.

మా మిల్లులో ఆయన కన్నా పెద్ద మేస్త్రి ఒకాయన ఉండేవాడు. ఆ పెద్దాయన కాగితమే అద్దం కట్టి గోడకు వేలాడేది. మా ఆయనది మిల్లు సేటు బీరువాలో భద్రంగా ఉందని చెబితే నేనూ నమ్మాను.

రెండేళ్లో మూడేళ్లో గడిచాయి. దసరా అయిన నాలుగో రోజున కురవి నుంచి మా వదినె, అంటే ఆయన అక్క, వచ్చింది. ఆమె మానుకోటలో ఒక మిల్లులో ఉడికిన వడ్లు ఆరబోసే పనికి కొత్తగా కుదిరింది. గడప దాటకుండానే తమ్ముణ్ని చూసి గుండెలు బాదుకుంది.

“సచ్చినవనుకున్న గదరా! మిల్లుల నీ ఫోటోకు బొట్టు పెట్టి దండేసిన్రు!”

“మంచిగనే ఉన్న గదనే అక్కా, జర ఊకో,” అని ఆయన నవ్వాడు.

నవ్వాడు గానీ, అది ఏ మిల్లు, అక్కడ నా ఫోటో ఎందుకుంది అని ఒక్క మాట అడగలేదు. అడగని మనిషికి తెలిసే ఉంటుంది కదా. ఆయన ఫోటోకు దండ వేసే ఆడది మానుకోటలో ఎవరో ఉందని నాకు లోపల నిప్పు రాజుకుంది. వదినెను దిగబెట్టి వస్తానని చెప్పి మర్నాడే పాసింజరు రైలెక్కాను.

పోయి చూస్తే ఆడదీ లేదు, పాడూ లేదు. బాయిలరు పక్క గోడకు ఆయన సర్టిఫికెట్, మూలకు ఆయన ఫోటో. దసరాకు యంత్రాలన్నిటికీ పూజ చేస్తూ బాయిలరుకు, కాంటాకు వేసినట్టే దానికీ బొట్టు పెట్టి బంతిపూల దండ వేశారు. నా కడుపు చల్లబడింది, ఈ కాగితం ఇక్కడికెట్లా వచ్చిందని అడిగితే గుమాస్తా నోరు తెరిచేదాకానే.

“మీ సేటు, మా సేటు బావ బామ్మర్దులు గదమ్మా. ఇన్‌స్పెక్టరొస్తె చూపెట్టనీకి ఒక కాగితం ఉండాలె.”

బాయిలరు ముందు వేరే మనిషి కూర్చున్నాడు. నీళ్లు చూసే గాజు గొట్టం మసి పట్టి నల్లగా ఉంది. రోజూ మిల్లుకు సద్ది పట్టుకుపోయేదాన్ని, మా ఆయన ఆ గాజును కంటిలా తుడుచుకోవడం నాకు తెలుసు.

“నీళ్లు ఏడున్నయో నీకెట్ల తెలుస్తదే అన్నా?”

“అందాజుతోని తెలుస్తది లే అక్కా.”

గోడకు అవతలే వదినె, ఆమెతో పాటు పాతికమంది ఆడవాళ్లు వడ్లు ఆరబోస్తున్నారు. అది పేలితే వాళ్లు పోతారు, గోడ మీద మొహం ఉన్నవాడు జైలుకు పోతాడు. వడ్ల బస్తా ఎక్కి ఫ్రేము దించాను.

“ఓ అమ్మా, అది సర్కారు కాగితం, ముట్టద్దు!” అని గుమాస్తా ఉరికొచ్చాడు.

“కాగితం సర్కారుదేమో గని మొగం నా పెనిమిటిది. మొగం గాదు, మనిషిని పిలుసుకోండ్రి,” అని కొంగులో చుట్టుకుని వచ్చేశాను.

ఇంట్లో ఆయన ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని తువ్వాలతో బొట్టు తుడిచాడు. పదిహేను రోజులు తిరక్కుండా ఆ మిల్లుకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కాగితం అడిగితే లేదు. మంట ఆర్పించి తాళం వేయించాడు. ఎవరో అర్జీ పెట్టారట.

వదినె మళ్లీ వచ్చింది, ఈసారి తిట్టడానికి.

“తమ్ముని మొగం తెచ్చుకున్నవ్, నా నోటికాడి బువ్వ గుంజుకున్నవ్. అర్జీ పెట్టిచ్చింది నువ్వు గాదా?”

పిల్లల మీద ఒట్టు పెట్టాను. ఒట్టు పెడుతూ ఆయన వైపు చూశాను. ఆయన తల వంచుకుని చెప్పు తెగకపోయినా చెప్పు బాగుచేసుకుంటున్నాడు. వదినె నా ఒట్టు నమ్మలేదు. ఎండలు ముదరగానే బీడీలకు తునికాకు కోసే పనికి భూపాలపల్లి దిక్కు పోయింది, మళ్లీ మా గడప తొక్కలేదు.

నాకు సంతకం మించి రాయడం రాదు. ఆయనకు వచ్చు. సేటుకు ఎదురు చెప్పలేని మనిషి, చాటుగా ఒక కాగితం రాసి మెడకున్న ఉచ్చు తీసుకున్నాడా? అందుకు అక్క కూలి పోతుందని తెలిసే రాశాడా? లేక వేరే ఎవరైనా గిట్టనివాళ్లు రాశారా?

ఇప్పటి పిల్లలు అనుమానం వస్తే ఫోను నొక్కి చూసుకుంటున్నారు, మంచిదే. మాకు రైలెక్కి పోయి మొహం మీద అడగాల్సి వచ్చేది, అడిగేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లు చూడాల్సి వచ్చేది. పరాయి ఊళ్లో గుమాస్తాను అడగగలిగాను గానీ, ఇంట్లో మనిషిని అడగలేకపోయాను. ఎనభైలలో ఆయన పోయేదాకా, ఆయన కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ అర్జీ ఎవరు రాశారన్న మాట నా నోటిదాకా వచ్చేది. ఆయన తలెత్తి చూసేవాడు, నేను ఇంకొంచెం పులుసు పోయనా అని అడిగేదాన్ని.