మువ్వలు కూరిన తుపాకి

దయ్యాల ముచ్చట్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకే. శ్మశానం పక్క చేలో ఒంటరిగా కావలి పడుకున్నవాణ్ణి. ఇది మాత్రం నా కళ్ల ముందు జరిగింది.

పోలీసు చర్య అయిన మరుసటి ఎండాకాలం. మా మేనమామది వాడపల్లి దగ్గర ఊరు. మందు కూరి కాల్చే పాత నాటు తుపాకి ఒకటి ఆయనకుండేది. ఊళ్లో తుపాకులు జప్తు చేస్తుంటే గడ్డివాములో దాచాడు. మందు మిగిలింది గానీ సీసం లేదు. మిర్యాలగూడ బజారులో అడగాలంటే భయం.

వేట పిచ్చి ముదిరినవాడికి ఏదైనా గుండే. ఆ రోజు ఆయన గొట్టంలో మందు మీద గుప్పెడు ముక్కలు పోసి, గుడ్డపీలిక కుక్కి, కడ్డీతో దట్టించాడు. అవేమిటో నేను అడగలేదు.

సీసపు గుండు సరిగ్గా తగిలితే జంతువు అక్కడే కూలుతుంది. తేలిక ముక్కలు కండలో ఇరుక్కుని చిత్రహింస పెడతాయి. మూసీ ఒడ్డున దుప్పికి కుడి జబ్బలో తగిలింది. అది మూడు కాళ్ల మీద కుంటుతూ పొదల్లోకి పోయింది.

దెబ్బ వేసినవాడు నెత్తురు జాడ పట్టుకుపోయి, దాని ప్రాణం తీసేదాకా ముద్ద ముట్టకూడదని మా వైపు వేటగాళ్ల కట్టుబాటు. మామయ్య మాత్రం, "యాడనో సచ్చేదే గద, ఈ ఎండల దాని ఎన్క ఎవడు తిరుగుతడు" అని ఇంటికి పోయి, కడుపునిండా తిని పడుకున్నాడు. దాని బాధ తీర్చాలని నేనొక్కణ్ణే ఆకుల మీది నెత్తురు చూసుకుంటూ పోయాను. జాడ నీళ్ల దగ్గర ఆగిపోయింది. అవతలి ఒడ్డున చుక్క కూడా లేదు.

కొన్నాళ్లకు చుట్టాలొచ్చారని ఇంట్లో పుట్టి పెరిగిన మేకను కోశారు. తోలు ఒలిచింది నేనే. తోలుకు ఎక్కడా చిల్లు లేదు, గాయపు మచ్చ లేదు. కుడి జబ్బ కోయగానే కుళ్లు వాసన గుప్పుమంది. చీము మధ్య నలిగి మసిబారిన మువ్వలు.

అత్తయ్య వాటిని కడిగి చూసింది. ఒకదానికి కంసాలి వేసిన రాగి అతుకుంది. ఆమె లోపలికి పోయి, చనిపోయిన కూతురి మువ్వలు దాచుకున్న చిన్న మట్టి గురిగి తెచ్చి బోర్లించింది. ఖాళీ.

"ఇవి నా బిడ్డ కాళ్లయి. దీంట్లకెల్లి ఎవరు తీసిండ్రు?" అంది.

తుపాకిలో కూరింది అవేనని మామయ్య తల ఎత్తకుండా ఒప్పుకున్నాడు.

దుప్పికి తగిలిన మువ్వలు మేకలోకి ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ జబ్బ పారేసి, మిగతా మాంసం చుట్టాలే వండుకున్నారు. అత్తయ్యా నేనూ ముట్టలేదు. మామయ్య మారు వడ్డించుకుని తిన్నాడు. ఆ ముద్ద ఆయన గొంతు ఎలా దిగిందో, అదీ నాకు ఇప్పటికీ తెలియదు.