మిరపకాయలు మింగిన కారు

మా ఆయనకు కారు నడపడం రాదని నేనెప్పుడూ అనలేదు. ఆపకుండా నడపడం రాదన్నానంతే.

ఎనభైల మొదట్లో మేం ఆదోనిలో కాపురముండేవాళ్లం. నేను ఎమ్మిగనూరులో ఆడపిల్లల బడిలో టీచర్ని. ఆయనకు అదే ఊళ్లో పంపుసెట్లు బాగుచేసే అంగడి. పొద్దున్నే ఇద్దరం మా పాత కారులో బయల్దేరేవాళ్లం. ఆయన అంగడి ఎప్పుడు తెరిచినా అడిగే దిక్కు లేదు. నాకు మాత్రం హెడ్మిస్ట్రెస్ ఉంది. గంట కొట్టిన ఐదు నిమిషాలకు హాజరు పుస్తకంలో ఎర్ర సిరాతో ఒక గీత గీసేది. నా సంతకం ఎప్పుడూ ఆ గీతకు కిందే. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి, "ఇంగ ఒక్క మెమో అయితే నీ పేరు పై ఆఫీసుకు రాస్తానమ్మా. హాలహర్విలో టీచరు ఖాళీ ఉంది" అంది.

హాలహర్వి మా ఆదోనికి ఆ పక్క, ఎమ్మిగనూరు ఈ పక్క. అక్కడికి వేస్తే నేను ఒంటరిగా గది తీసుకుని ఉండాల్సిందే. పెళ్లయి ఇంకా మూడేళ్లు నిండలేదు. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ ఆయనకు సంగతి చెప్పాను.

"నువ్వేం దిగులు పడొద్దు. బండికి దమ్ము సాలట్లేదు, దమ్ము పెంచుతా" అన్నారు మా ఆయన.

దమ్ము సంగతి దేవుడెరుగు. దారిలో చెయ్యెత్తిన ప్రతి ఒక్కరినీ ఎక్కించుకోవడమే మా ఆలస్యానికి కారణమని మా కారుకు కూడా తెలుసు. పత్తి ఏరే కూలీలు, సంతకు పోయే కోళ్లు, వియ్యపురాలింటికి పోయే చింతపండు మూట, అందరూ మా బంధువులే. ఒకసారి మేకపిల్ల ఒకటి ఎమ్మిగనూరు దాకా నా ఒళ్లో కూర్చుని, దిగేముందు నా చీర మీద తన పని కానిచ్చింది. నేను కసిరితే ఆయన, "కారులో కూసోని, ఎండలో నిలబడినోళ్లను వద్దనేకి నోరెట్ల వస్తాదే?" అనేవారు. జవాబు లేని ప్రశ్న వేసి గెలవడం ఆయనకు అలవాటు.

దమ్ము పెంచే ఉపాయం చిత్తుకాగితాల అంగట్లో దొరికింది. ఒక పాత ఇంగ్లీషు పత్రికలో సూపర్‌చార్జర్ బొమ్మ చూశారట. అదేమిటని అడిగితే వంటింటి భాషలో చెప్పారు. పొయ్యిని ఊదుగొట్టంతో ఊదితే మంట ఎట్లా లేస్తుందో, ఇంజను లోపలికి గాలిని అదిమి ఊదితే అట్లా బలం లేస్తుంది. ఎక్కువ ఊదితే కంట్లో బూడిద పడుతుందని ఊదేవాళ్లెవరికైనా తెలుసు. ఆ మాటే అన్నాను. "అందుకే కదా మేస్త్రీ దగ్గరికి పోయేది" అన్నారు.

మేస్త్రీ అంటే ఆదోనిలో ముసలి సాయిబు. ఇంజను చప్పుడు విని దాని వయసు చెప్పేవాడు. మా ఆయన పాత ఇనుప సామాన్లలో ఏరుకొచ్చిన ఊదే మిషనును అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెట్టి, గడ్డం గోక్కున్నాడు. అది ఏదో ఫారిన్ జనరేటరుదట.

"సూడు సారూ, రోజూ తిరిగే బండి ఇది. పందెం గుర్రం కాదు. ఉరికేది నేర్పేకి ముందు నిలబడేది నేర్పియ్యాల. ఫస్టు బ్రేకులు. బ్రేకులు కొత్తవి ఎయ్యకుండా నేను స్పానరు పట్టుకోను" అన్నాడు.

నేను పెళ్లయిన నాటినుంచి చెబుతున్న మాట అది. సాయిబు కాళ్లకు మొక్కాలనిపించింది.

బ్రేకులయ్యాయి. రేడియేటరు కడిగించాడు. మిషను తిప్పే బెల్టు తెగితే చేతులు పోకుండా దానికి రేకు తొడుగు చేయించాడు. పెట్రోలులో కిరసనాయిలు కలపనని మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నాడు, కలిపితే ఇంజను మీద ఆశ వదులుకోవాల్సిందేనట. "ఈ ఊదేది చారులో ఉప్పు మాదిరి. రవ్వంత. రుచి బాగుందని ఇంకొంచెం ఏస్తివా, ఖతమ్" అని పెద్ద చక్రం తీసేసి, మిషను నిదానంగా తిరిగే చక్రం పెట్టాడు. గాలి పీల్చే గొట్టాన్ని కారు ముందుకు పెట్టి, మూతికి సన్నటి జల్లెడ కట్టాడు. "ఈ జల్లెడ మాత్రం తియ్యద్దు సారూ, నీకు దండం పెడతా" అన్నాడు.

జల్లెడ మూడు రోజులుంది. ఆదోని దారి సంగతి ఆదోని వాళ్లకే తెలుసు. పత్తి లారీ ఒకటి ముందు పోతే వెనకాల అంతా దూదే. ఆ దూదిని మా గొట్టం ఆబగా పీల్చుకుని, జల్లెడ మూసుకుపోయి, కారు దగ్గి నిలబడిపోయేది. ఆయన దిగి దూది పీకేవారు. దూది పీకడానికి ఆగినప్పుడల్లా ఇద్దరు ఎక్కేవారు. విసుగొచ్చి, నాకు చెప్పకుండా ఆ జల్లెడ తీసి డిక్కీలో పడేశారు.

ఆయనకు చెప్పకుండా నేనూ ఒక పని చేశాను. మిషను ఊళ పెడుతుంటే నాకు భయమేసేది. అందుకని క్షేమం కోసం, అమావాస్య నాడు నిమ్మకాయా మిరపకాయల దండ ఒకటి గుచ్చి కారుకు కట్టాను. కట్టడానికి గొట్టం మూతి అనువుగా కనిపించింది. రెండు మూడు రోజుల ఎండకు ఆ మిరపకాయలు గలగలలాడాయి. నాలుగో రోజు, బస్సు ఆగే చోట నలుగురు కూలీలను ఎక్కించుకుని మా ఆయన యాక్సిలరేటరు గట్టిగా తొక్కగానే, దారం తెగి నిమ్మకాయ రోడ్డు మీద పడింది. మిరపకాయలు లోపలికి పోయాయి.

ఆ తర్వాత జరిగింది ఏ ఇంగ్లీషు పత్రికలోనూ ఉండదు. ఊదే మిషను వాటిని కారం కొట్టింది. ఇంజను పోపు పెట్టింది. పొగ వెనకనుంచి వచ్చి, కిటికీల్లోంచి మళ్లీ మా దగ్గరికే వచ్చింది. కూలీలు దగ్గుతూ తుమ్ముతూ తలుపులు తీసుకుని దూకారు. బస్సు కోసం నిలబడ్డ పదిమందికీ కళ్లలో నీళ్లు. రోజూ మా కారెక్కే ముసలామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఎవురికప్పా ఇంత దిష్టి తీస్తాండావు? మీ పాడు దిష్టి మీ ఇంట్లో తీసుకోకూడదా?" అని తిట్టింది.

మేస్త్రీ ఇంజను విప్పి, కడిగి, జల్లెడ మళ్లీ కట్టి, మా ఇద్దరినీ పిల్లల్ని తిట్టినట్టు తిట్టాడు. బండి బాగుపడింది గానీ దాని పరువు బాగుపడలేదు. మిరపకాయల కారని పేరు పడిపోయింది. దూరం నుంచి ఊళ వినిపిస్తే చాలు, జనం చేతులు దించుకుని ముక్కులు మూసుకునేవారు. ఒక్కరూ ఎక్కరు. దాంతో మేం రోజూ గంట కొట్టకముందే బడి దగ్గర ఉండేవాళ్లం. ఎర్ర గీతకు పైన సంతకం పెట్టడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. "సూస్తివా, సూపర్‌చార్జర్ మహిమ!" అనేవారు మా ఆయన. కానీ ఖాళీ వెనక సీటు వైపు అద్దంలో చూసుకుంటూ అనేవారు. నాకు మాత్రం ఏ బాధా లేదు, హాయిగా ఉంది. ఉన్నమాట చెప్పాలి కదా.

ఇన్‌స్పెక్షన్ రోజు వచ్చింది. పెద్ద ఆఫీసరు గంట కొట్టకముందే బడిలో ఉంటాడని, ఆ రోజు గీత ఆయనే గీస్తాడని ముందే చెప్పారు. తొందరగా బయల్దేరాం. సగం దారిలో, బస్సు ఆగే చోట అదే ముసలామె కనిపించింది. పక్కన నేలమీద ఆమె కోడలు, నిండు నెలలు, రాయికి ఆనుకుని పళ్లు బిగించి ఉంది. నొప్పులని చూడగానే తెలుస్తోంది. ముసలామె మా కారును చూసింది. చెయ్యెత్తలేదు. కోడలి ముఖం మీద కొంగు కప్పి, తను అటు తిరిగి నిలబడింది.

మా ఆయన కాలు బ్రేకు మీదికి పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది. నా వైపు చూశారు. ఆ చూపులో హాలహర్వి ఉంది. ముసలామె చెయ్యెత్తి ఉంటే నాకు కోపం వచ్చేదేమో. ఎత్తకపోయేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆపండి" అన్నాను.

"ఈ పొగలో నా కోడలు ఎక్కదమ్మా" అంది ముసలామె. నేను దిగి, వెనక పొగగొట్టం దగ్గర ముక్కు పెట్టి, గట్టిగా పీల్చి చూపించాను. అప్పుడు ఎక్కించింది. ఆ రోజు మా కారు నిజంగానే ఉరికింది. ఒక పత్తి బండి అడ్డం వస్తే సాయిబు బ్రేకులు జానెడు దూరంలో నిలబెట్టాయి. ఎమ్మిగనూరు ఆసుపత్రి మెట్ల దగ్గర ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు. నర్సు వచ్చి విడిపించేదాకా నిలబడ్డాను. ఆడపిల్ల పుట్టిందని సాయంత్రం తెలిసింది.

బడికి పోయేసరికి ఎర్ర గీతా ఉంది, పెద్ద ఆఫీసరూ ఉన్నాడు. సంజాయిషీ రాయమన్నారు. నాకది కొత్త కాదు. అదివరకు రాసినవన్నీ కంఠతా వచ్చు: టైరు పంక్చరైంది, రేడియేటరు కాగింది, రైతుల బళ్లు అడ్డమొచ్చాయి. మా ఆయన గేటు దగ్గర నిలబడి, "నా మీద రాయి. మొగుడు మాట ఇనకుండా ఆపినాడని రాయి" అన్నారు. నేను కాగితం తీసుకుని, "కారు ఆపమన్నది నేనే" అని రాసి, ఎందుకో రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

నెల తిరక్కుండా హాలహర్వికి ఆర్డరు వచ్చింది. బాగా ఏడ్చాను. మా ఆయన పక్కన కూర్చుని, "ఆ పొద్దు పంక్చరని రాసింటే పోయేదేమో. ఇంగోటి రాసిద్దామా?" అన్నారు.

వద్దన్నాను. నా ఉద్యోగంలో నేను రాసిన సంజాయిషీలన్నిటిలో నిజం అదొక్కటే.