చింతపండు పెట్టి తోమిన ఊరు

సింగపూర్ ఆంగ్ మో కియోలో నేను అద్దెకుంటున్న ఇంటి అంకుల్ మొన్న మంగళవారం గుండెపోటుతో పోయారు. ఆంటీ ఫోన్ చేసిన పూటే మా ఆఫీసులో సర్వర్ కూడా పడిపోయింది. దాన్ని సాయంత్రానికల్లా లేపాం.

అంకుల్ పాతికేళ్లు తువాస్ షిప్‌యార్డులో ఫిట్టరు. మరమ్మతుకొచ్చిన ఓ గ్రీకు ఓడలోని నావికుడు వెళ్తూ వెళ్తూ ఆయన చేతిలో ఒక పాత కంచు నాణెం పెట్టాడు. ఒకవైపు అరిగిపోయిన ఆడముఖం, రెండోవైపు ఓడ ముక్కు, ఒళ్లంతా పచ్చటి చిలుము. దానితో మొదలై, రిటైరయ్యేనాటికి అలాంటి నాణేలతో బిస్కెట్ డబ్బా నిండింది. పూర్వం గ్రీకుల్లో ఊరూరూ తన గుర్తుతో కంచు నాణేలు కొట్టుకునేదట. ఒక ఊరికి తేనెటీగ, ఒక ఊరికి పీత.

"వెండి నాణేలు దేశాలు తిరిగేవయ్యా. ఇవి పొలిమేర దాటితే చెల్లవు. కూరలు కొనుక్కోవడానికి," అనేవారు, తనూ ఆ బాపతే అన్నట్టు.

నేను సింగపూర్ వచ్చింది, ఏడాదిని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములకి ఇంకో రెండంకెలు చేర్చే మహత్కార్యం మీద. "రెండువేలు వస్తుందంటే మీ కంప్యూటర్లకి వణుకు. వీటికి ఆ వయసు ఎప్పుడో దాటింది," అని డబ్బా నా ముందు పెట్టి నవ్వేవారు.

ఆ మొదటి నాణెం ఏ ఊరిదో మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. ఓడ కింద ఊరి పేరు మూడక్షరాల్లో ఉంది. పొద్దున్నే ఫ్లాటు బయట కారిడార్లో నిలబడి ఏటవాలు ఎండలో తిప్పితే రెండు కనిపించేవి. మూడోది చిక్కితే ఊరు దొరికినట్టే. లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని ఏళ్లుగా తిప్పుతూనే ఉన్నారు.

ఇక నా ఘనకార్యం. ఒక ఆదివారం వాళ్లిద్దరూ మార్కెట్‌కి వెళ్లినప్పుడు, ఆ మూడో అక్షరం నేనే బయటపెడదామనుకున్నాను. మా నాయనమ్మ పూజసామాను తోమినట్టు చింతపండూ ఉప్పూ పట్టించి పావుగంట తోమాను. బంగారంలా మెరిసింది. అక్షరాలు మూడూ పోయాయి. ఇంజనీరింగు ఫస్ట్ క్లాసులో ప్యాసైనవాణ్ణని సవినయంగా మనవి.

అంకుల్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "పేరు ఆ చిలుములోనే ఉందయ్యా," అన్నారు. తిట్టినా బాగుండేది. నాలుగు రోజులు డబ్బా తియ్యలేదు. ఐదో రోజు ఆ నాణెం చొక్కా జేబులో వేసుకుని నా గది తలుపు కొట్టారు.

"చెమట తగిలితే మళ్లీ నల్లబడుతుంది. పేరు రాదులే, రంగొస్తుంది. కిందికెళ్లి కాఫీ తాగొద్దాం, పద."

అప్పట్నుంచి అది ఆయన జేబులోనే ఉండేది. ఆసుపత్రివాళ్లు తిరిగిచ్చిన సామానులో కళ్లజోడుతోపాటు వచ్చింది. ఆంటీ దాన్ని నా అరచేతిలో పెట్టి, "నీ దగ్గరే ఉండనీ నాన్నా. కడక్కు," అన్నారు.

ముదురు గోధుమరంగుకి తిరిగింది. ఈ పొద్దున కారిడార్లో నిలబడి, ఆయన తిప్పినట్టే ఏటవాలు ఎండలో తిప్పాను. అక్షరాల చోటు నున్నగా ఉంది. లిఫ్టు వచ్చింది, వెళ్లిపోయింది. ఇంకోసారి తిప్పాను.