చీటీలో రాయని సగం

ఈ రోజు మధ్యాహ్నం హాలియాలోని నా నెట్ సెంటర్‌కి సైదమ్మ అనే ఆమె వచ్చింది. భర్త చనిపోయాక పింఛనుకు దరఖాస్తు పెట్టుకుందట. ఏమైందో చూసుకోమని ఆఫీసులో రాసిచ్చిన వెబ్ అడ్రస్ చీటీ నా ముందు పెట్టింది.

"ఏ సెంటర్ల జూపిచ్చినా నీ వివరాలు లేవంటున్రు. జర నువ్వన్న చూడు అన్న."

చీటీలో అడ్రస్ .php దగ్గరే ఆగిపోయింది. అది పేజీ పేరు మాత్రమే. దాని తర్వాత ప్రశ్న గుర్తు, id=, దరఖాస్తు నంబరు ఉంటేనే ఎవరి వివరాలు చూపాలో ఆ పేజీకి తెలుస్తుంది. రాసిన గుమాస్తాకు ఆ తోక అనవసరం అనిపించినట్టుంది. ఆమె రసీదులోని నంబరు చేర్చి కొట్టాను. వెంటనే తెరుచుకుంది.

'విచారణకు హాజరు కానందున తిరస్కరించడమైనది.' పక్కన విచారణ తారీఖు.

చదివి వినిపించాను.

"గా దినం పొద్దంత గా ఆఫీసులనే కూసున్న గద అన్న! గీ చీటీ రాసిచ్చి ఇంటికి పొమ్మన్నరు."

చీటీ తిప్పి చూశాను. ఆఫీసు ముద్ర, అదే తారీఖు.

హాజరు కావడమంటే ఇంకెలాగో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఆమెకు రాసిస్తాను, ఈసారి పూర్తిగా.