ఖాలా మైదాకును ఇత్తడిలో పోయించిన ప్రయాణం

మా పట్నం గ్రంథాలయంలో లోహపు పోత గురించిన పుస్తకం ఒకటి ఉంది. మూడుసార్లు చదివాను. మైనంతో నమూనా చేసి, మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుందని, ఆ ఖాళీలో లోహం పోయాలని అందులో పేజీన్నర ఉంది. ఆ పేజీన్నరలో లేనిది తెలుసుకోవడానికి నాకు అయిదు రోజులు పట్టింది. ఆ పుస్తకాన్ని నమ్ముకొని ఇంకొకరు బయలుదేరతారేమోనని ఇది రాసిపెడుతున్నాను.

కరీంనగరంలో నాది వెండి తీగ పని. మా వెనక వాడలో, అందరూ పిన్ని వరసతో పిలిచే జైనబ్ ఖాలా ఉంటుంది. నలభై ఏళ్ళుగా పెండ్లికూతుళ్ళ చేతులకు ఆమే మైదాకు, అదే గోరింటాకు, పెట్టేది. ఈ వేసవిలో ఆమె చూపు మసకబారింది. ఇదే ఆఖరుసారి అంటూ ఈనెపుల్లతో మా ఆవిడ రాజమణి ఎడమ అరచేతిలో పెట్టింది. నడుమ మామిడిపిందె, చుట్టూ తీగ, ఆకులు, చుక్కలు.

"పది దినాలల్ల పోతది బేటా. ఇగ నాతోని కాదు" అన్నది.

పోకముందే దాన్ని బిళ్ళగా పోయించి ఆమె చేతిలో పెట్టాలనుకున్నాను. వెండి తీగ అంతటా ఒకే లావు. మైదాకు గీత పుల్ల వత్తిన చోట లావు, ఎత్తిన చోట సన్నం. అది మైనంతోనే వస్తుంది. కాగితం మీద దించుకుంటే ఆ ఒంపు రాలేదు. అందుకని చేతినే పోత పనివాళ్ళ దగ్గరికి వెంట తీసుకుపోయాను.

మైదాకు పెట్టిన మూడోనాడు పొద్దున ఆరింటికి బస్సెక్కి ఎనిమిదికల్లా పెద్దపల్లి చేరాం. తొమ్మిదిన్నర ప్యాసింజరు పదిన్నరకు వచ్చింది. పెట్టెలో మా ఎదుట చెన్నూరు పోయే పోశవ్వ కూర్చుంది. జొన్నరొట్టె, మామిడి తొక్కు మాకూ పెట్టి రాజమణి చెయ్యి చూసింది.

"కొత్త పెండ్లా బిడ్డా?"

"పన్నెండేండ్లాయె అవ్వా. గీ చెయ్యిని ఇత్తడిల పోయిస్తడట మా ఆయన."

పోశవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మనిషి మంచిగనే కనవడుతుండు గదా" అన్నది. గోదావరి వంతెన దాటేదాకా పెట్టెంతా నవ్వుతూనే ఉంది.

ఆసిఫాబాద్ రోడ్డులో దిగి, బస్సు పట్టుకొని ఊళ్ళోకి పోయి ధర్మశాలలో పడుకున్నాం. మర్నాడు బస్సులో కెరమెరి, అక్కడినుంచి ఎడ్లబండి మీద పోత పనివాళ్ళ గూడెం. సోనేరావు అక్కడ పెద్ద పనివాడు. ఆయన భార్య గంగూబాయి మైనం తీగలు తీస్తుంది.

నేను పుస్తకం సంగతి చెప్పి, కరీంనగరం నుంచి తెచ్చిన కొవ్వొత్తులు కరిగించి, ఆ మైనాన్ని గోరువెచ్చగా రాజమణి అరచేతి మీద ఒత్తాను. మైనం దేని అచ్చయినా పడుతుందని చదివాను మరి. తీసి చూస్తే మైదాకు జాడే లేదు. చేతి గీతలన్నీ పడ్డాయి.

సోనేరావు దాన్ని వెలుగుకు పెట్టి చూశాడు. "జోస్యునికి పంపు. ఆయుష్షు గట్టిగనే ఉన్నది" అన్నాడు.

గంగూబాయి నా కొవ్వొత్తి మైనాన్ని వేళ్ళతో సాగదీసింది. పుటుక్కున తెగింది. "గిది దీపానికే" అని, తేనెమైనంలో గుగ్గిలం కలిపి ఎండకు మెత్తబరిచి, దారంలాంటి తీగలు తీసి ఇచ్చింది. రాజమణి చెయ్యి చూస్తూ, మట్టి దిమ్మ మీద ఒక్కో తీగ పరిచాను. నొక్కితే లావు, లాగితే సన్నం. సరిగ్గా ఖాలా పుల్లలాగే. నాకు ఆకలి కూడా గుర్తులేదు.

మర్నాడు పైన మట్టి పూసి కాల్చి, ఇత్తడి పోసి, చల్లారాక మట్టి పగలగొట్టాం. పిందె లేదు, చుక్కలు లేవు. చుట్టూ ఉన్న తీగ, దాని ఆకులు మాత్రమే వచ్చాయి.

"చేతి మీద అన్నిటిని తోలు పట్టుకొని ఉంటది" అన్నాడు సోనేరావు. "ఇత్తడికి బాట గావాలె. ఒకదానికొకటి అంటకుంటే ఏడికెళ్ళి పోతది?"

అప్పటికే రాజమణి చేతిలో ఎరుపు నారింజ రంగుకు తిరిగింది. కొత్త దిమ్మ మీద తీగ, పిందె మళ్ళీ పరిచాను. రాజమణి ఆ దిమ్మను తన ముందుకు లాక్కుంది.

"ఖాలా పెట్టంగ ఎన్నిసార్లు చూసిన్నో. తీగ అయినంక పిందె మీదికి పోయేముందు చెయ్యి గిక్కడ ఆపుతది" అని, సరిగ్గా ఆ జాగాలో, తీగకూ పిందెకూ నడుమ ఒక కొత్త ఆకు పెట్టింది. చుక్కలను ఆకుల కొసలకు అంటించింది. గంగూబాయి రెండో మైనం ముద్ద ఆమె చేతికే ఇచ్చింది.

ఆరోనాడు మధ్యాహ్నం రెండో పోత మట్టి పగలగొట్టాం. అన్నీ వచ్చాయి.

ఏడోనాడు తిరుగు రైల్లో రాజమణి బిళ్ళను కొంగున కట్టుకొని కూర్చుంది. నాకు భయం పట్టుకుంది. మేం చేర్చిన ఆకుతో అది ఖాలాది కాకుండా పోయిందేమో.

పొద్దు గూకకముందే ఖాలా అరుగు మీద ఉన్నాం. బిళ్ళను ఆమె కళ్ళకు దగ్గర పెట్టుకోలేదు. బొటనవేలితో తీగ వెంట పోయింది. ఒకచోట ఆగింది.

"గీ ఆకు నాది కాదు. గిక్కడ నేను దమ్ము తీసుకుంట. ఎవరు పెట్టిండ్రు?"

"నేనే ఖాలా" అన్నది రాజమణి.

ఖాలా మళ్ళీ ఓసారి తడిమింది. "మంచిగుంది. ఎల్లుండి కోళ్ళవాడల పెండ్లి ఉన్నది. నేను రానన్న. నువ్వు పో" అని ఈనెపుల్ల తీసి ఇచ్చింది.

రొట్టె పెట్టిన పోశవ్వకు, బాట చెప్పిన సోనేరావుకు, మైనమిచ్చిన గంగూబాయికి, పుస్తకం ఇంటికి తీసుకుపోనిచ్చిన గ్రంథాలయం నర్సయ్య గారికి, జైనబ్ ఖాలాకు నా దండాలు. చదివింది నేను, నేర్చుకున్నది రాజమణి. ఆమెకు కూడా.